తుంగకుంట కాపరి

ఆ చొక్కాకు ఎన్నడూ బురద అంటుకోదు. అయినా వారానికి రెండుసార్లు ఉతకాలి. ఖాకీ చొక్కా, జేబు మీద రెక్కలు చాపిన కొంగ బొమ్మ, దాని కింద ‘తుంగకుంట కాపరి’ అని ఎర్రదారంతో కుట్టిన అక్షరాలు. మా ఆయన విజేందర్ దాన్ని తొడుక్కుని మీటింగులకు పోతాడు. మీటింగులు లేని రోజు బస్టాండు దగ్గరి హోటల్‌కు పోతాడు. కుంటలోకి దిగేది నేను. నా చీర అంచుకు పట్టిన నల్లబురద మూడు ఉతుకులకు గానీ వదలదు. ఆ రోజు పొద్దున నల్లా దగ్గర బండ మీద చీర బాదుతుంటే, మా అత్త పుల్లమ్మ అరుగు మీద కూర్చుని చూస్తూ, “సబ్బంత నీ చీరకే అరగదీస్తివి. వాని అంగీకి జర ఉంచు. ఎల్లుండి కుంట చూడనీకి పెద్దోళ్ళొస్తుండ్రట. నలభై మందికి వంట మనింట్లనే” అంది.

పెద్దవాళ్ళు వస్తున్న సంగతీ, వాళ్ళకు నేను వండాల్సిన సంగతీ నాకు అట్లా తెలిశాయి.

నేను పుట్టింది కోస్గి దగ్గర. మా బాపు మారయ్య ఊరి చెరువుకు నీరటి. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూడడం ఆయన పని. కొడుకులు లేరు కాబట్టి నన్ను వెంట తిప్పుకున్నాడు. నీళ్ళు దిగుతుంటే ఏ పిట్ట ఎక్కడ వాలుతుందో నేను ఆ చెరువు దగ్గరే చూశాను. లోతు నీళ్ళు బాతులకు ఈతకు పనికొస్తాయి గానీ మేతకు పనికిరావు. పొడుగుకాళ్ళ పిట్టలకు జానెడు నీళ్ళు కావాలి, చిన్న పిట్టలకు తడిబురద కావాలి. నీళ్ళు ఒక్కసారిగా పోతే బురద నాలుగు రోజుల్లో గట్టిపడి అందులోని పురుగు చచ్చిపోతుంది. వారానికి జానెడు చొప్పున మెల్లగా దించుకుంటూ పోతే చలికాలమంతా అన్ని రకాల పిట్టలకూ మేత దొరుకుతుంది, కింద యాసంగి వరికీ నీళ్ళందుతాయి. ఇదంతా నాకు ఎవరూ పాఠంలా చెప్పలేదు. బాపు చనిపోయాక నీరటి పని మా చిన్నాయన కొడుక్కు పోయింది. ఆడపిల్లకు అది రాదని ఎవరూ అనలేదు. అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు, నాతో సహా.

కేతేపల్లి అవతల ఉన్న ఈ ఊరికి పెళ్ళై వచ్చేసరికి తుంగకుంటలో సగం సర్కారు తుమ్మ, సగం గుర్రపుడెక్క. వానలకు నిండి ఎండలకు ఎండే ముప్పై ఎకరాల కుంట అది. తెలంగాణ వచ్చిన మూడేళ్ళకు హైదరాబాద్ నుంచి పక్షుల సంస్థ వాళ్ళు దాన్ని చూడడానికి వచ్చారు. నేను కట్ట మీద బర్రెను మేపుతున్నాను. మల్లికార్జున్ అనే సార్ నన్ను అడిగాడు, ఇక్కడికి ఏ పిట్టలొస్తాయమ్మా అని. చెప్పాను. ఏవి రావడం మానేశాయో, ఎందుకు మానేశాయో చెప్పాను. తుమ్మ ఎక్కడ కొట్టాలో, ఎక్కడ నాలుగు చెట్లు కొంగల కోసం వదలాలో, మట్టి దిబ్బలు ఏ మూలన పోస్తే కుక్కలు చేరలేవో చెప్పాను. ఆయన గంటసేపు రాసుకున్నాడు. రాసుకోవడం అయ్యాక పుస్తకం మూసి, “మీ ఆయన ఏం పని చేస్తడమ్మా? రేపు జర పంపించు” అన్నాడు.

కుంట కాపరి నౌకరి విజేందర్ పేరు మీద వచ్చింది. “ఆడోళ్ళ పేరు మీద రాస్తే రేపు జ్వరమంటరు, పిల్లలంటరు, పని ఆగిపోతది” అన్నాడట సార్. విజేందర్ నవ్వుతూ వచ్చి నాకు చెప్పాడు. “ఇద్దరం ఒకటే గదనే. ఎవల పేరు మీదుంటే ఏంది?” అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు ప్రేమలాగే వినిపించింది.

ఆరేళ్ళు. ఎండాకాలం తుమ్మ మొద్దులు తవ్వించాను, ఊళ్ళో ఆడవాళ్ళను పోగేసి, వాళ్ళతో పాటు గడ్డపార పట్టి. వానాకాలం నడుము లోతు నీళ్ళలో నిలబడి గుర్రపుడెక్క లాగాను. ఒక మొక్క వదిలితే నెలకు వంద అవుతుంది. తట్టలతో మట్టి మోసి ఐదు దిబ్బలు పోశాను. పొద్దున ఐదింటికి పిట్టల లెక్క, ఆరింటికి ఇంట్లో పొయ్యి, పది గంటలకు మళ్ళీ కుంట, సాయంత్రం బర్రె. లెక్కంతా ఒక నోటుబుక్కులో రాసేదాన్ని. నెలాఖరున విజేందర్ దాన్ని తన చేతిరాతలోకి ఎక్కించుకునేవాడు. మీటింగుకు పోయే ముందు రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగేవాడు, “మొన్నొచ్చినయి ఏం పిట్టలు? ఎందుకొచ్చినయంటే ఏం చెప్పాలె?” నేను అన్నం కలుపుతూ చెప్పేదాన్ని. మర్చిపోకుండా ఉండేందుకు రెండోసారి చెప్పేదాన్ని. కుంట దగ్గరికే ఎవరైనా వస్తే నన్ను కాస్త వెనకగా నిలబెట్టుకునేవాడు. మాట తడబడితే కళ్ళు నా వైపు తిప్పేవాడు. నేను పెదవులతో అందించేదాన్ని. బాగా చెప్పాడని వాళ్ళు తల ఊపితే, నిజం చెప్పాలంటే, నాకు గర్వంగా ఉండేది.

ఒక వానాకాలం నా కాలివేళ్ళ మధ్య చర్మం తెల్లగా నాని ఊడిపోయింది. నడిస్తే రక్తం. నకిరేకల్ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు నా పాదం పట్టుకుని చూసి, “ఏం పని చేస్తవమ్మా నువ్వు?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా విజేందర్, “ఏం చెయ్యది సార్, ఇంట్లనే ఉంటది” అన్నాడు. అబద్ధమాడాలని అన్నట్టు లేదు. అతనికి నిజంగా అట్లాగే అనిపించింది. డాక్టరు మందు రాసి, ఇంట్లో గిన్నెలు తోమేటప్పుడు నీళ్ళలో ఎక్కువసేపు నిలబడకమ్మా అని జాగ్రత్త చెప్పాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను ఆ మాటకు నవ్వుకున్నాను. ఆ నవ్వు ఇంటికి చేరేలోగానే ఏదోలా అయిపోయింది.

మూడో చలికాలం, తలమీద రెండు నల్లచారలుండే పెద్దబాతులు వచ్చాయి. మంచుకొండల మీదుగా వస్తాయని సార్ చెప్పాడు. తెల్లవారుతుండగా ఎనభై నాలుగు. కుంట అంచు గడ్డిలో ఒళ్ళు విదిలించుకుంటూ, ఎప్పటినుంచో తమ ఇల్లే అన్నట్టు తిరుగుతున్నాయి. నేను కట్ట మీద కూలబడి ఏడ్చాను. ఆ నెల జిల్లాలో ఏదో సభ పెట్టి విజేందర్‌కు శాలువా కప్పారు. ఆ శాలువా మా అత్త కప్పుకుంటుంది, చలిగా ఉన్నప్పుడు.

ఆరో ఏడు నీళ్ళు బాగా దిగాయి. మార్చి చివరికి ఐదు దిబ్బలూ బయటపడ్డాయి. వాటి మీద తీతువులు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. తీతువు గూడు కట్టదు. నేల మీద చిన్న గుంట, చుట్టూ నాలుగు రాళ్ళు, మట్టిపెల్లల రంగులో నాలుగు గుడ్లు. పక్కనే నిలబడినా కనబడవు. ముప్పై ఎనిమిది గుంటలు లెక్కపెట్టాను. ఏ కుంటలోనూ ఇన్ని ఒక్కచోట నేను చూడలేదు. “తీతువు అరిస్తె ఇంటికి కీడు. నా కోడలు దాన్ని పెంచుతాంది” అని మా అత్త వాకిట్లోకి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఇంకో పది రోజులైతే పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని బయటకు వచ్చేవి. వచ్చిన గంటల్లోనే నడిచిపోతాయి. పది రోజులు ఎవరూ కదిలించకుండా ఉంటే చాలు.

అత్త ఆ కబురు చెప్పిన పొద్దున, చీర పిండి దండెం మీద వేసి లోపలికి పోయేసరికి విజేందర్ ఫోనులో మాట్లాడుతున్నాడు. కాలువ గేటు చూసే లష్కర్ గోపయ్యతో. కుంటలోకి నీళ్ళు వదలమంటున్నాడు.

“ఎందుకు?” అన్నాను ఫోను పెట్టేశాక.

“సంస్థకు పైసలిచ్చే కంపెనీవోళ్ళు వస్తుండ్రు. ఎండిన కుంట చూపిస్తె ఏం బాగుంటది? నిండుగ కనబడాలె అన్నడు సార్.”

“దిబ్బల మీద గుడ్లున్నయి. నీళ్ళొస్తె అన్ని మునుగుతయి.”

“మునగవులే. జరంత వదులుతరు గంతే.”

“జరంత వదిలినా మునుగుతయి. దిబ్బ ఎంతెత్తుందో నాకు తెల్వదా, పోసినదాన్ని.”

అతను చొక్కా గుండీ పెట్టుకుంటూ ఆగాడు. “నువ్వు సార్ కంటె ఎక్కువ తెలిసినదానివా?” అన్నాడు. కోపంగా కాదు, చిన్నపిల్లతో అన్నట్టు.

నేను మల్లికార్జున్ సార్‌కు నా ఫోను నుంచి చేశాను. ఆరేళ్ళలో మొదటిసారి. ఎవరని అడిగాడు. చెప్పాను. గుడ్ల సంగతంతా విన్నాడు. విని, “అమ్మా, నేను విజేందర్‌ను అడిగిన. ఏం కాదన్నడు. ఈ కుంట గురించి ఆయనకు తెలిసినంత నాకే తెల్వదు. నువ్వు ఫికర్ చెయ్యకు” అన్నాడు.

సార్ మాటలో తప్పులేదు. ఆరేళ్ళుగా తుంగకుంట గురించి ఆయన విన్న ప్రతి నిజమూ విజేందర్ నోటి నుంచే విన్నాడు. ఆ నోటిని నేనే తయారుచేశాను. అన్నం ముద్దలు కలుపుతూ, మర్చిపోతే మళ్ళీ చెబుతూ, వెనక నిలబడి పెదవులు కదుపుతూ ఒక్కొక్క మాటా పోసి పెంచాను. ఇప్పుడు ఏమీ తెలియని ఆ నోరు ‘ఏం కాదు’ అంటే, నా మాట దాని ముందు ఒక పనిలేని ఆడమనిషి భయం. తీతువుల గుడ్ల మీదికి నీళ్ళు తెస్తున్నది కాలువ కాదు. ఇన్నాళ్ళ నా మంచితనం.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి కుంటలోకి వచ్చే పిల్లకాలువ నిండుగా పారుతోంది. నీళ్ళు బయటకు పోకుండా తూము దింపేసి ఉంది. ఎత్తబోతే దాని ఇనుప చక్రానికి తాళం వేసి ఉంది. ఆ తాళం మా ఇంటిదే, చెవి విజేందర్ దగ్గర. నీళ్ళు అప్పటికే మొదటి దిబ్బ అంచును తాకాయి. తీతువులు నా నెత్తి మీద తిరుగుతూ ఒర్రుతున్నాయి. నేను తట్ట తీసుకుని దిగాను. గుడ్లను కొంగులోకి తీసుకుని, గుంటలో తుంగగడ్డి, బురద కుక్కి జానెడు ఎత్తు చేసి, మళ్ళీ అట్లాగే పెట్టాలి, నాలుగింటి మొనలూ లోపలి వైపుకు ఉండేట్టు. లేకపోతే తల్లి వచ్చి కూర్చోదు. ఒక్కో గూటికి అరగంట పట్టింది. మూడు పూర్తి చేశాను. నాలుగోదానికి బురద తీస్తుండగా కట్ట మీద నుంచి మా అత్త గొంతు.

“అండాలూ, రేపటికి మసాలా నూరాలె, జొన్నలు పట్టించాలె, పది కోళ్ళు తెచ్చి పడేసిండు వాడు. ఇంక పిట్టలతోనే ఉంటవా?”

“జరాగు అత్తమ్మా, ఇవి మునుగుతున్నయి.”

“మునగనియ్యి. నలభై మంది ముందట నా కొడుకు ఇజ్జత్ పోవాల్నా?”

నేను నీళ్ళలో నిలబడ్డాను. చెయ్యి పట్టి ఎవరూ లాగలేదు. ఎవరూ కొట్టలేదు. ముప్పై అయిదు గూళ్ళు ఇంకా ఉన్నాయి, నీళ్ళు పెరుగుతున్నాయి, నాకు రెండు చేతులు. ఒక్కదాన్ని ఎన్ని చేయగలను అనుకున్నాను. కాదు, అది తరువాత అనుకున్నాను. ఆ క్షణంలో అనుకున్నది మసాలా గురించి. అల్లం లేదు, ఎవరినైనా పంపి తెప్పించాలి అని. పద్నాలుగేళ్ళ కాపురం నా కాళ్ళను గట్టు వైపు నడిపించింది. ఇప్పటికీ నన్ను నేను అడుగుతాను. ఆ రోజు ఒక్కరోజు పొయ్యి వెలిగించకపోతే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. కోళ్ళు ఇంకొకరు వండేవాళ్ళు.

అతిథులు వచ్చేసరికి దిబ్బలు లేవు, నేను ఎత్తు చేసిన ఆ మూడు గూళ్ళు తప్ప. ఎండలో కుంట అద్దంలా మెరుస్తోంది. అంతా బాగుందన్నారు. ఫోటోలు దిగారు. కట్ట మీద టెంటు కింద నేను, పక్కింటి లీలమ్మ మజ్జిగ గ్లాసులు అందిస్తున్నాము. విజేందర్ ఖాకీ చొక్కాలో నిలబడి నా మాటలన్నీ చెప్పాడు. వారానికి జానెడు అన్నాడు, తడిబురద అన్నాడు. తీతువులు మాత్రం టెంటు మీద నుంచి, నీళ్ళ మీద నుంచి, ఆగకుండా అరుస్తూ తిరుగుతున్నాయి. వచ్చినవాళ్ళలో ఒకామె తల పైకెత్తి అడిగింది, “ఎందుకు అంతగా అరుస్తున్నాయి?”

విజేందర్ నా వైపు చూశాడు. నేను పెదవులు కదపలేదు. అతనే చెప్పాడు. “మిమ్మల్ని చూసి సంబురపడుతున్నయి మేడం.”

అందరూ నవ్వారు. నా చేతిలో పళ్ళెం కింద పెట్టాను. “సంబురం కాదు మేడం. నిన్నటి నీళ్ళకు గుడ్లు మునిగినయి. ముప్పై అయిదు గూళ్ళు. గందుకు ఒర్రుతున్నయి” అన్నాను.

నవ్వు ఆగింది. ఆమె మల్లికార్జున్ సార్ వైపు చూసింది, సార్ విజేందర్ వైపు చూశాడు. విజేందర్ ముఖంలో రంగు మారడం నేను చూశాను. ఎక్కువసేపు పట్టలేదు. “నేను ఊళ్ళె లేని యాళ్ళ మా ఆమె తూము దింపింది మేడం. పొలానికి నీళ్ళు నిలపాలని. తెల్వక చేసింది, ఏం చదువుకోలే” అన్నాడు.

నేను పదో తరగతి ఫస్టు క్లాసు. అతను ఇంటర్ తప్పాడు. ఆ సమయంలో అదొక్కటే గుర్తొచ్చింది, ఎంత పనికిరాని సంగతి. లీలమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. లష్కర్ గోపయ్య అక్కడే ఉన్నాడు, నేల చూశాడు. ఆ మేడం నా వైపు జాలిగా చూసి, “ఆమెను ఏమీ అనకండి. ఇలాంటివాళ్ళకు మనమే చెప్పాలి” అంది. ఆరేళ్ళలో మొదటిసారి సంస్థ కాగితాల్లో నా పేరు రాశారు. గుడ్లు మునగడానికి కారణం అన్నచోట.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతుంటే విజేందర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. “నౌకరి పోతదని గట్లన్న. నిన్నైతె ఏమంటరు, ఆడదానివి” అన్నాడు. అతనికి నా మీద కోపం లేదు. నాకన్నా కోపం ఉండి ఉంటే బాగుండేది. ఏమీ లేదు. గిన్నె అడుగున మాడిన మసాలా గీకుతూ ఉన్నాను.

జూన్‌లో స్కూలు ఆవరణలో సదస్సు పెట్టారు, కుంట చుట్టుపక్కల మహిళలకు పక్షుల గురించి అవగాహన కల్పించడానికి. నాకు ప్రత్యేకంగా కబురు వచ్చింది. జంపఖానా మీద రెండో వరుసలో కూర్చున్నాను. చెప్పింది విజేందర్. గుడ్లు ఎట్లా ఉంటాయో, వాటి జోలికి ఎందుకు పోకూడదో చెప్పాడు. చివర్లో ఒకామె లేచి, “మరి నీళ్ళు ఎప్పుడు తియ్యాలె, ఎన్నిసార్లు తియ్యాలె?” అని అడిగింది. అతను వారానికి జానెడు అన్నాడు. ఎప్పుడు మొదలుపెట్టాలంటే మాత్రం ఆగాడు. ఏ ఏటికి ఆ ఏడు అది మారుతుంది. ఆఖరి వాన ఎప్పుడు పడింది, గట్టున గడ్డి ఎంత ఎదిగింది, అలుగు దగ్గర నీటి రంగు ఎట్లా ఉంది, ఇవన్నీ చూసి తెలుసుకోవాలి. అతను నా వైపు చూశాడు. నేను జంపఖానా అంచుకు వేలాడుతున్న దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను.

దసరా అయ్యాక ఇంట్లో అడిగాడు. “ఈసారి నీళ్ళు ఎప్పుడు తియ్యమంటవే?”

“సార్‌ను అడుగు.”

“సార్‌కేం తెలుసు. గట్లంటె పిట్టలు రావు.” నేను పళ్ళాలు కడగడానికి లేచాను. అతను వెనకే వచ్చి మెత్తగా అన్నాడు, “పిట్టలంటె పానమంటివి గదనే. వాటి ముఖం చూసన్న చెప్పు.”

ఆ మాట నన్ను పట్టుకుంది. నిజమే, ప్రాణమే. వాళ్ళందరి చేతిలో ఉన్న పలుపుతాడు అదే. పిట్టల ముఖం చూసి, ఇంటి ముఖం చూసి, అతని ముఖం చూసి నేను దిగని నీళ్ళు లేవు. ఇప్పుడు చెబితే మళ్ళీ అతని నోటికే చేరుతుంది, మళ్ళీ ఒకరోజు ఆ నోరే నీళ్ళు వదలమంటుంది. చెప్పకపోతే, పాపం, వాటికేం తెలుసు. రెండు దారుల్లోనూ పోయేది అవే. ఆ రాత్రి నుంచి నాకు కుంట వైపు నడక తగ్గిపోయింది. లీలమ్మ జట్టుతో పత్తి ఏరడానికి పోవడం మొదలుపెట్టాను.

తూము ఆ ఏడు ఎత్తనే లేదు. డిసెంబరులో కూడా కుంట అంచుల దాకా నిండే ఉంది. ఆ పొద్దున మేము కట్ట పక్క చేనులో ఉన్నాము. మంచు ఇంకా విడవలేదు. ముందు అరుపులు వినిపించాయి, ఆ తరువాత రెక్కల చప్పుడు. పెద్దబాతులు. నూరుకు పైనే ఉంటాయి. కుంట మీద ఒక చుట్టు తిరిగాయి. కాళ్ళు చాచి దిగబోయి, గడ్డి లేదు, గట్టు లేదు, ఎటు చూసినా లోతు నీళ్ళే, మళ్ళీ లేచాయి. రెండో చుట్టు మా నెత్తి మీదుగా, రెక్కల గాలి తగిలేంత కిందుగా వచ్చాయి. మూడో చుట్టు తిరిగి దక్షిణం వైపు పోయాయి.

ఆడవాళ్ళందరూ నడుములు నిలబెట్టి చూస్తున్నారు. “గవేం పిట్టలే అండాలు, గంత పెద్దగున్నయి? ఎందుకు వాలలే?” అంది లీలమ్మ. “నీకు తెలుస్తది గద.”

“ఏమో, నాకు తెల్వది” అన్నాను. వంగి, మళ్ళీ పత్తి తీయడం మొదలుపెట్టాను.